మా ఇంటి నంబరు పక్కన టిక్కు

2024 మే 13 పోలింగుకు ఇంకా వారం ఉందనగా, విశాఖ కంచరపాలెంలో మా వీధి మొదట్లో ఉన్న టీ కొట్టు బల్ల మీద ఒక కుర్రాడు ఓటర్ల జాబితా పరుచుకుని కూర్చున్నాడు. నాకు వరసకు తమ్ముడవుతాడు. చిన్నప్పుడు సగం రోజులు మా ఇంట్లోనే అన్నం తిన్నవాడు. ఇప్పుడు ఒక పార్టీ తరఫున మా బూత్ చూస్తున్నాడు. జిరాక్సు కాగితాలు చెమటకి మెత్తబడి అంచులు చుట్టుకుపోయాయి. ప్రతి ఇంటి నంబరు పక్కనా పెన్సిలుతో ఒక గుర్తు ఉంది. టిక్కు ఉంటే మనవాళ్లు. ఇంటూ ఉంటే అవతలివాళ్లు. క్వశ్చన్ మార్కు ఉంటే ఇంకా తేలనివాళ్లు. మా ఇంటి దగ్గర నాన్న, అమ్మ, నేను, నా భార్య, మొత్తం నాలుగు పేర్లు. నాలుగింటినీ కలిపి ఒక బ్రాకెట్ గీసి, ఒకే ఒక్క టిక్కు కొట్టాడు.

"ఏరా, ఈసారి మా ఇంటికి ఎవరూ రాలేదేంటి?" అని అడిగాను.

"మీ ఇంటికెందుకన్నా? మీది మనదే కదా. ఈ క్వశ్చన్ మార్కులన్నీ తిరిగేసరికే తల ప్రాణం తోకకొస్తోంది" అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. టీ కూడా తనే చెప్పాడు. తాగుతున్నంతసేపూ నా కళ్లు ఆ టిక్కు మీదే ఉన్నాయి. అవతలి పార్టీ వాళ్ల దగ్గరా ఇలాంటి జాబితా ఒకటి ఉంటుంది. అందులో మా ఇంటి పక్కన ఇంటూ ఉంటుంది. ఎలాగూ వెయ్యరని వాళ్లు రారు. ఎలాగూ వేస్తారని వీళ్లు రారు. నలభై ఏళ్లుగా ఒక్క ఎన్నిక కూడా తప్పకుండా ఓటేసిన ఇల్లు మాది. వీధి మొత్తం మీద ఎవరూ వచ్చి ఓటు అడగని ఇల్లు కూడా మాదే.

ఆ పార్టీ ఏదో ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లలో సగం మంది ఈ పేరా దగ్గరే ఆగిపోతారు, మిగతా సగం నేను చెప్పబోయేది అవతలివాళ్ల గురించే అనుకుని హాయిగా చదువుకుంటారు. నా మాట ఇద్దరికీ సంబంధించినది. కార్పొరేషన్ ఎన్నికల ప్రస్తావన ఎవరు తెచ్చినా ఆ పెన్సిలు గీత గుర్తొచ్చి మనసు కలుక్కుమంటోంది. అందుకే రాస్తున్నాను.

నాన్నమ్మ ప్రశ్న

మా నాన్నమ్మది ఆనందపురం అవతల పల్లె. అక్షరం ముక్క రాదు. పార్టీ పేరు ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు, ఆవిడకి తెలిసింది గుర్తే. "ముందు కాడెద్దులకేసేదాన్ని. తరవాత ఆవూదూడ. ఆ తరవాత సెయ్యి" అని వేళ్లు మడిచి చెప్పేది. కాంగ్రెస్ చీలినప్పుడల్లా గుర్తు మారేది. పోలింగు ముందురోజు రాత్రి తాతయ్యని అడిగేదట, "ఇప్పుడు మన గుర్తు ఏటి?" అని. ఎవరికి వెయ్యాలన్నది ఆవిడకి ప్రశ్నే కాదు. మన గుర్తు ఎక్కడికి వెళ్లిందో తెలిస్తే చాలు, దాని వెనకే వెళ్లేది.

కాలేజీలో చదివే రోజుల్లో ఈ సంగతి స్నేహితులకి చెప్పి నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వు రావట్లేదు. 1977లో ఎమర్జెన్సీ తర్వాత ఉత్తరాదంతా కాంగ్రెస్‌ని ఊడ్చేస్తే, మన రాష్ట్రం 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే ఇచ్చింది. ఎమర్జెన్సీ దెబ్బ ఇక్కడ అంతగా తగల్లేదని పెద్దలు చెబుతారు. నిజమే కావచ్చు. మా నాన్నమ్మ ఇంట్లో మాత్రం ఎమర్జెన్సీ మీద చర్చ ఏమీ జరగలేదు. బ్యాలెట్ మీద ఆవూదూడ ఉంది, ముద్ర వేసి వచ్చింది, అంతే.

అలాగని జనం కదలరా అంటే, కదిలారు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరికల్లా 294లో రెండు వందల పైచిలుకు స్థానాలతో గద్దెనెక్కింది. నాన్నమ్మ ఊళ్లో సగం ఇళ్లు ఒక్కసారిగా సైకిలెక్కాయి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో 156 స్థానాలు గెలిచిన కాంగ్రెస్, రాష్ట్రం విడిపోయాక 2014లో మన 175లో ఒక్కటి కూడా గెలవలేదు. ముప్పై ఏళ్లు చేతి గుర్తుకి వేసినవాళ్లు ఒక్క ఎన్నికలో మాయమయ్యారు. ఎక్కడికెళ్లారు? జీవితమంతా తిట్టుకున్న సైకిలు దగ్గరికి వెళ్లినవాళ్లు తక్కువ. ఎక్కువమంది కొత్తగా వచ్చిన ఫ్యాను కిందకి చేరారు.

దీన్నిబట్టి నాకొకటి అనిపిస్తుంది. ఇల్లు కారుతోందని ఎవరూ పాలివాడి ఇంటికెళ్లి తలదాచుకోరు. తడుస్తూ అక్కడే ఉంటారు, గిన్నెలు పెట్టుకుంటారు, "వాళ్లింట్లో ఇంకా ఎక్కువ కారుతోంది" అని చెప్పుకుంటారు. మూడో చోట కొత్త ఇల్లు లేచినప్పుడు మాత్రం సామాను సర్దుకుంటారు. వెళ్లిన నాలుగో రోజు నుంచి అదీ "మన ఇల్లే" అయిపోతుంది. అలవాటు పోవడం లేదు, చిరునామా మారుతోంది.

39, 39

2019 ఎన్నికల్లో తెలుగుదేశం 23 స్థానాలకి పడిపోయింది. ఓట్లు 39.17 శాతం. 2024లో వైసీపీ 11 స్థానాలకి పడిపోయింది. ఓట్లు 39.37 శాతం. ఈ రెండు అంకెలు మొదటిసారి పక్కపక్కన చూసినప్పుడు చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఆ రెండు రాత్రులూ టీవీల్లో సునామీ, ప్రభంజనం అని అరిచారు. ఆ సునామీలో కూడా పదిమందిలో నలుగురు నిలబడ్డ చోట నుంచి కదల్లేదు. 2019లో 49.95 శాతం తెచ్చుకున్న వైసీపీకి 2024 నాటికి పోయింది పది, పదకొండు శాతం. స్థానాలు మాత్రం 151 నుంచి 11కి వచ్చాయి. అంటే రాష్ట్రాన్ని తలకిందులు చేసింది ఆ కుర్రాడి కాగితం మీది క్వశ్చన్ మార్కులు. అందుకే పార్టీలన్నీ వాళ్లిళ్లకే వెళతాయి, వాళ్ల గడపలే ఎక్కుతాయి.

ఇక్కడ నన్ను నేనే అడ్డుకోవాలి. ఆ 39లో అందరూ అలవాటు మీద వేసినవాళ్లు కారు. పింఛను ఇంటికి తెచ్చిచ్చారని, పిల్లాడి ఫీజు కట్టారని, లెక్క చూసుకునే వేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లని అలవాటు ఓటర్లు అనడం అన్యాయం. పైగా 2024లో మూడు పార్టీలు కలిసి పోటీ చేశాయి, 2019లో విడివిడిగా చేశాయి. అంకెల్ని అంకెలతో నేరుగా తూచడం కుదరదు.

మా విశాఖనే తీసుకుంటే ఇంకా చిక్కు. 2019లో రాష్ట్రమంతా ఫ్యాను గాలి వీస్తుంటే నగరంలోని తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ తెలుగుదేశానికే వచ్చాయి. అదే రోజు, అవే బూత్‌లలో వేసిన ఎంపీ ఓటు దగ్గరికొచ్చేసరికి వైసీపీ 4,414 ఓట్లతో గెలిచింది. మధ్యలో జనసేన నుంచి నిలబడ్డ మాజీ సీబీఐ అధికారి లక్ష్మీనారాయణ గారికి రెండు లక్షల ఎనభై వేల పైన పడ్డాయి. రెండు బటన్ల దగ్గర రెండు రకాలుగా ఆలోచించినవాళ్లు ఈ ఊళ్లో వేలల్లో ఉన్నారన్నమాట. తర్వాత విశాఖని పరిపాలన రాజధాని చేస్తామని వైసీపీ వాళ్లు 2019 డిసెంబరు నుంచి చెబుతూ వచ్చారు. 2024లో విశాఖ పార్లమెంటు పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాలూ అవతలి కూటమికే వెళ్లాయి. సొంత ఊరికి లాభమని చెప్పినంత మాత్రాన ఈ ఊరు ఓటెయ్యలేదు. అది అలవాటా, వివేకమా, కోపమా? ఒక్క మాటలో తేల్చేసే ధైర్యం నాకు లేదు.

కులం సంగతి రాయలేదేమని అడుగుతారు. కులం ఉంది. టికెట్లు ఇచ్చే దగ్గర నుంచి బూత్ ఏజెంటు దాకా ఉంది. అయితే శ్రీకాకుళం, విజయనగరం నుంచి పనికొచ్చి స్థిరపడ్డవాళ్లతో నిండిన ఈ నగరంలో ఒకే కులం, ఒకే వీధి, ఎదురెదురు ఇళ్లలో రెండు జెండాలు నేను రోజూ చూస్తాను. కులం పేరు చెప్పగానే అంతా అర్థమైపోయినట్టు మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. అది వేరే వ్యాసం.

మరక ఒకే ఎత్తున

ఆంథనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1957లోనే ఒక మాట చెప్పాడు. ఒక్కడి ఓటుతో ఫలితం మారడం దాదాపు జరగదు కాబట్టి, అభ్యర్థులందరి గురించీ తెలుసుకోవడానికి సమయం ఖర్చు పెట్టడం మామూలు మనిషికి గిట్టుబాటు కాదు. పార్టీ పేరు చూసుకుని వేసెయ్యడం వాడికి దగ్గరి దారి. మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1960 నాటికి ఇంకో కోణం చూపించారు. పార్టీ అభిమానం చాలామందికి అమ్మానాన్నల దగ్గర నుంచి చిన్నతనంలోనే వస్తుందని, మతం వచ్చినట్టే వస్తుందని. ఇది చదివినప్పుడు నాన్నమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టడం కళ్ల ముందు కదిలింది.

వీళ్లిద్దరి కంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మోరిస్ ఫియోరినా 1981లో చెప్పింది. పార్టీ అభిమానం గుడ్డి నమ్మకం కానక్కర్లేదంటాడు. మనిషి మనసులో ఒక చిట్టా నడుస్తూ ఉంటుంది. ఈ పార్టీ వల్ల నాకు జరిగిన మంచీ చెడూ అందులో రాసుకుంటూ పోతాడు. ఎప్పుడు అడిగినా ఆ చిట్టాలో నిల్వ ఎంతుందో అదే అతని అభిమానం. వినడానికి ఎంతో మర్యాదగా ఉంది. మా నాన్న నలభై ఏళ్ల చిట్టా రాశారని, దాన్ని చూసే ఓటేస్తారని నమ్మాలని నాకూ ఉంటుంది.

కానీ మా వీధి చివర గెడ్డ, అంటే పెద్ద కాలువ, ఉంది. గెడ్డ గోడ ఒక మూల కూలిపోయి చాలా ఏళ్లయింది. గట్టి వాన పడితే నీళ్లు వీధిలోకి తిరగబడతాయి. మా ఇంట్లోకి రెండుసార్లు వచ్చాయి. మొదటిసారి వచ్చినప్పుడు అధికారంలో ఉన్నది అవతలి పార్టీ. నాన్న పంచె మోకాళ్ల పైకి కట్టుకుని, చీపురుతో నీళ్లు బయటికి తోస్తూ, "ఇంటి పన్ను అణా పైసలతో లాక్కుంటారు, గెడ్డలో పూడిక తియ్యడానికి మాత్రం వీళ్లకి చేతులు రావు" అన్నారు. రెండోసారి వచ్చినప్పుడు ఉన్నది మన పార్టీ. అదే పంచె, అదే చీపురు. "జనం ప్లాస్టిక్ కవర్లన్నీ తెచ్చి గెడ్డలో పోస్తుంటే ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుంది?" అన్నారు. నీళ్లు దిగాక హాల్లో గోడ మీద తడి మరక మిగిలింది. సున్నం వేసినా మొదటి మరక లీలగా కనిపిస్తూనే ఉంది. రెండోది సరిగ్గా దాని మీదే, అదే ఎత్తున పడింది.

చిట్టాలో మొదటిది అప్పు కింద రాశారు. రెండోది అసలు రాయనే లేదు.

నాన్నని తప్పుపట్టి తప్పించుకోను. నేనూ ఇంతే. ఒకసారి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో గుంతలు పడ్డ రోడ్డు ఫొటో ఒకటి పెట్టాను. అవతలి పార్టీ పాలన ఇదిగో అని. వన్‌టౌన్‌లో ఉండే మా మేనత్త కొడుకు, వాడు అవతలి పార్టీ, "బావా, ఇది ఎక్కడి రోడ్డు?" అని అడిగాడు. వెతికితే అది వేరే రాష్ట్రం ఫొటో, పాతది. చడీచప్పుడు లేకుండా తీసేశాను. పొరపాటైందని ఒక్క మాట రాయలేదు. రాస్తే వాళ్ల ముందు తగ్గినట్టవుతుందని. చిన్నప్పుడు నాకు ఈత నేర్పినవాడు వాడు. వాడి ముందు తగ్గడం నాకు ఎప్పటి నుంచి కష్టమైంది? ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాడు ఫోన్ చేసి చెప్పాను. "పోన్లే బావా" అన్నాడు. వాడూ ఇలాంటివి పెట్టే ఉంటాడు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. అలవాటుగా ఓటెయ్యడం మీద నాకు అంత కోపం లేదు. ఆ ఓటు ఐదేళ్లకోసారి, ఒక్క నిమిషం పని. వీవీప్యాట్ గాజు వెనక చీటీ ఏడు సెకన్లు కనిపించి పడిపోతుంది, అయిపోతుంది. అసలు అలవాటు మిగతా ఐదేళ్లూ నడుస్తుంది. ఏ వార్త నమ్మాలో, ఏ గుంతని క్షమించాలో, ఏ ధర మండిపోతోందని అనాలో, ఏ ధర "ప్రపంచమంతా ఇంతే" అనాలో పార్టీని బట్టి ముందే తేల్చేసుకుంటున్నాం. 2025 జనవరిలో స్టీల్ ప్లాంటుకి కేంద్రం రూ.11,440 కోట్లు ప్రకటించిన సాయంత్రం మా గ్రూపులో చూశాను. పది నిమిషాల్లో సగం మంది ప్లాంటు గట్టెక్కిందన్నారు, సగం మంది ఇది మోసం అన్నారు. ఆ డబ్బు ఏ అప్పుకి, ఏ పనికి అన్న వివరం చదివే వ్యవధి అప్పటికి ఎవరికీ లేదు.

పాల ప్యాకెట్లు

నా వాదనకి ఎదురు నిలిచే సంఘటన మా ఇంట్లోనే ఉంది. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. ఆ రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మా గేటు మీద వేప చెట్టు పడింది. కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు, నీళ్లు లేవు. నాలిక తడుపుకుందామన్నా పాల ప్యాకెట్ దొరకడం గగనమైపోయింది. మా అబ్బాయికి అప్పుడు ఏడాదిన్నర. రెండో రోజు పొద్దున్న మా పార్టీకి వీధిలో పెద్దగా తిరిగే ఒకాయన, పడిపోయిన చెట్ల మధ్య నుంచి బండి తోసుకుంటూ వచ్చి రెండు పాల ప్యాకెట్లు, ఒక నీళ్ల క్యాను మా అరుగు మీద పెట్టాడు. ఆయన ఇంటి రేకులు ముందు రోజే ఎగిరిపోయాయని మాకు తర్వాత తెలిసింది.

నేను ఎప్పుడు పార్టీ మీద ఏదైనా అన్నా నాన్న ఒకటే అంటారు. "ఆ రోజు ఎవరొచ్చార్రా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. పార్టీ అంటే మేనిఫెస్టో అని మనం అనుకుంటాం. వీధిలో పార్టీ అంటే మనిషి. ఆసుపత్రిలో మంచం దొరకనప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలిసి ఉండడం, రేషన్ కార్డులో తప్పు పడితే ఎవరి గుమ్మం ఎక్కాలో తెలిసి ఉండడం. పెళ్లికి వచ్చేది, శవం లేస్తే భుజం పట్టేది ఆ మనిషే. అలాంటి బంధాన్ని పట్టుకుని "అలవాటు ఓటు" అని తీసిపారెయ్యడం చదువుకున్నవాళ్ల పొగరు. తెలుగులో విశ్వాసం అన్న మాటకి నమ్మకమనీ, చేసిన మేలు మరవకపోవడమనీ రెండర్థాలూ ఉన్నాయి. నాన్నకి ఆ రెండూ ఒకటే.

అయితే ఆ పాలు తెచ్చినాయన 2021 కార్పొరేషన్ ఎన్నికల ముందు పార్టీ మారిపోయాడు. ఎందుకో ఆయన బాధలు ఆయనకున్నాయి. నాన్న ఇప్పటికీ ఆయన ఎదురైతే ఆగి పలకరిస్తారు, ఓటు మాత్రం పాత గుర్తుకే. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "నాన్నా, పాలు తెచ్చింది ఆయన కదా. పార్టీ కాదు కదా?"

చాలాసేపు మాట్లాడలేదు. "ఆయన్ని పంపింది పార్టీయే" అన్నారు.

"ఎవరు చెప్పారు?"

"నాకు తెలుసు" అని పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు వెనక ఆయన చదవడం లేదని నాకు తెలుసు. ఇంకేమీ అడగలేదు. అడగాల్సింది కాదేమో కూడా.

గుర్తు నాది

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. జనం అలవాటు మీద వేస్తున్నారని తిట్టే ముందు, వాళ్లకి వేరే దారి ఏముందో చూడాలి. 2021 జనవరి 27న స్టీల్ ప్లాంటులో వాటాలన్నీ అమ్మడానికి కేంద్ర క్యాబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 1966 నాటి ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటు అది. గాజువాక, కూర్మన్నపాలెం రోడ్ల మీద జనం కూర్చున్నారు. సరిగ్గా ఆ వేడిలోనే మార్చి 10న కార్పొరేషన్ పోలింగు. ప్లాంటు కోసం ఓటేద్దామంటే ఎవరికి వెయ్యాలి? వైసీపీ వ్యతిరేకమే అంది, టీడీపీ వ్యతిరేకమే అంది, వామపక్షాలు ముందు నుంచీ వ్యతిరేకమే. అందరూ ఒకే మాట చెప్పినప్పుడు ఆ మాటని బట్టి ఎంచుకోవడం కుదరదు. మళ్లీ పాత గుర్తు దగ్గరికే వెళ్లాలి. ఆ ఎన్నికలో 98 వార్డుల్లో 58 వైసీపీకి వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో అదే కౌన్సిల్ అవిశ్వాసం పెట్టి ఆ పార్టీ మేయరుని దించేసింది. మధ్యలో కార్పొరేషన్‌కి సాధారణ ఎన్నిక మళ్లీ జరగలేదు. మనుషులు అటూ ఇటూ మారారు, అంతే.

మా మేనత్తది వన్‌టౌన్, విశాఖ దక్షిణం నియోజకవర్గం. 2024లో అక్కడ వైసీపీ నుంచి నిలబడ్డ వాసుపల్లి గణేష్ కుమార్ గారు 2014లో, 2019లో తెలుగుదేశం గుర్తు మీద గెలిచినాయన. జనసేన నుంచి నిలబడి గెలిచిన వంశీకృష్ణ శ్రీనివాస్ గారు 2023 డిసెంబరు దాకా వైసీపీలో ఎమ్మెల్సీ. అత్త చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అంది, "నాకు మనుషులూ తెలుసు, గుర్తులూ తెలుసు. ఎవరూ వాళ్ల గుర్తు దగ్గర లేరురా." చివరికి ఏం చేశావత్తా అంటే, గుర్తుకే వేశానంది. "మనుషులు వస్తారు, పోతారు. గుర్తు నాది."

ఆ మాట విన్నాక అలవాటు ఓటరు అంటే తెలివితక్కువవాడన్న ఆలోచన నాలో పూర్తిగా పోయింది. నాయకులు ఎవరూ నిలబడని చోట ఆవిడ ఒక్కతే నిలబడింది. బాధ ఏమిటంటే, ఆ నిలబడ్డానికి ప్రతిఫలంగా ఆవిడ వీధికి కూడా ఎవరూ రాలేదు. ఆవిడ ఇంటి పక్కనా టిక్కే ఉండి ఉంటుంది.

మా అమ్మకి రాజకీయాలు పట్టవు. ఇరవై ఏళ్లుగా కంచరపాలెం రైతుబజారులో ఒకామె దగ్గరే కూరగాయలు కొంటుంది. ఆమె రాకపోతే ఆ రోజు కూరగాయలు కొనకుండా వచ్చేస్తుంది, అంత అభిమానం. కానీ వంకాయలు తీసుకునేటప్పుడు ఒక్కొక్కటీ చేతిలో తిప్పి, ముచ్చిక దగ్గర పుచ్చుందేమో చూసి గానీ సంచిలో వెయ్యదు. ఆమె ఏమీ అనుకోదు. పైగా అమ్మ వస్తోందంటే మంచివి పక్కన పెట్టి ఉంచుతుంది. కొట్టు మార్చమని నేను ఎవరికీ చెప్పడం లేదు. నాన్నకీ చెప్పను. వంకాయ తిప్పి చూడమంటాను.

క్వశ్చన్ మార్కు

ఆ రోజు టీ తాగడం అయ్యాక తమ్ముడితో, "మా టిక్కు చెరిపేసి క్వశ్చన్ మార్కు పెట్టు" అన్నాను.

"అన్నా, ఏటంటున్నావు? పెదనాన్నకి తెలుసా?"

"పెట్టరా" అన్నాను. వాడు రబ్బరుతో చెరుపుతుంటే కాగితం చిరిగింది. చిరుగు పక్కనే పెట్టాడు.

సాయంత్రానికి నాన్నకి తెలిసింది. ఆయనకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "మన ఇంటి పేరు మీద డౌటు పెట్టించావా? ఈ వయసులో నేను వాళ్లకి మొహం ఎలా చూపించను?" అన్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం కూడా నేను లేచాక తిన్నారు. తప్పు చేశానేమో అని చాలా టెన్షన్ పడ్డాను. ఆయన దృష్టిలో నేను చేసింది ఓటు గురించి కాదు, పరువు గురించి.

మూడో రోజు పొద్దున్నే ఎనిమిది మంది వచ్చారు. తమ్ముడు ముందున్నాడు, నా వైపు చూడలేదు. అమ్మ మంచినీళ్లు ఇచ్చింది. అంత దూరం వచ్చినందుకు నాన్న ఇబ్బందిపడిపోతూ, "మీరు రావాలా బాబూ, మేం ఎప్పుడూ ఉన్నవాళ్లమే" అన్నారు. వాళ్లు దండం పెట్టి లేస్తుంటే, ఆయన ఒక్క క్షణం గోడ వైపు చూశారు. చెప్పులు వేసుకున్నారు. "ఒక్కసారి ఇటు రండి" అని వాళ్లని వీధి చివరికి తీసుకెళ్లారు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. కూలిన గోడ దగ్గర నిలబడి చేత్తో తన మోకాలి ఎత్తు చూపిస్తున్నారు, ఇంతవరకూ వచ్చింది అని. సొంత పార్టీ వాళ్లని ఆయన ఏదైనా అడగడం నేను చూసింది అదే మొదలు. ఒకతను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

మర్నాడు అవతలివాళ్లూ వచ్చారు. మాట ఎలా పాకిందో తెలియదు. నాన్న వాళ్లని కూర్చోమన్నారు, గెడ్డ చూపించడానికి మళ్లీ లేచారు.

పోలింగు ముందు రోజు రాత్రి ఆయన లాంగ్ నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి, కళ్లజోడు పెట్టుకుని ఏదో రాస్తున్నారు. పోర్టులో గుమాస్తాగా చేసిన చెయ్యి, అక్షరాలు ఇప్పటికీ గుండ్రంగా ఉంటాయి. దగ్గరికెళ్లి చూశాను. గెడ్డ గోడ గురించి అర్జీ. ఎన్ని అడుగులు కూలిందో, నీళ్లు ఏయే సంవత్సరాల్లో ఇళ్లలోకి వచ్చాయో, ఎన్ని ఇళ్లు మునిగాయో, రెండుసార్లవీ రాశారు. పైన "గౌరవనీయులైన శాసనసభ్యులు శ్రీ" అని రాసి చుక్కలు పెట్టి, "గారికి" అని ముగించారు.

"పేరు రాయలేదేం నాన్నా?" అన్నాను.

"జూన్ నాలుగున తెలుస్తుంది కదా. అప్పుడు రాద్దాం" అన్నారు. కాగితం నాలుగు మడతలు పెట్టి, మా నలుగురి ఓటరు స్లిప్పులతో పాటు రేపు వేసుకునే చొక్కా జేబులో పెట్టుకున్నారు.